వెజిటేరియన్, వీగన్, ఫ్లెక్సిటేరియన్... ఏ పేరు చెప్పుకుంటే మేలు?

ఎవరైనా భోజనానికి పిలిచి నువ్వు వెజ్జేనా అని అడిగితే ఆ అనేసి ఊరుకుంటాం కదా, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. వండేవాళ్ల లెక్క ఒకటి, తినేవాళ్ల లెక్క ఇంకోటి. అందుకే ఈ పేర్లలో ఏది చెప్తే అవతలివాళ్లకి విషయం సరిగ్గా అర్థమవుతుందో చూద్దాం అనిపించింది, ఏ తిండి గొప్పదో తేల్చడానికి మాత్రం కాదు.

వెజిటేరియన్ అంటే అందరికీ తెలుసు, అదే దాని బలం. 1847లో ఇంగ్లండ్‌లో వెజిటేరియన్ సొసైటీ పెట్టాక ఈ మాట బాగా పాకింది, అంతకుముందు అక్కడ మాంసం మానేసినవాళ్లని గ్రీకు పైథాగరస్ పేరు మీద పైథాగోరియన్లు అనేవాళ్లు. ఇంత పాత మాట అయ్యుండి కూడా గుడ్డు సంగతి తేల్చదు. పాలు తాగి గుడ్డు ముట్టనివాళ్లు లాక్టో, గుడ్డు తిని పాలు మానేసినవాళ్లు ఓవో, రెండూ తీసుకునేవాళ్లు లాక్టో ఓవో, అందరూ వెజిటేరియన్లే మరి! పైగా కొన్ని చీజ్‌ల తయారీలో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు, జెల్లీల్లాంటివాటిలో వాడే జెలటిన్ అయితే జంతువుల చర్మం, ఎముకల నుంచి వచ్చేదే. ఇవి మాంసంలా కనిపించవు కాబట్టి వండేవాళ్లకి తట్టదు, అది వాళ్ల తప్పు కూడా కాదు.

వీగన్ ఈ విషయంలో చాలా నయం. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు పాలు గుడ్లు కూడా వద్దనుకునేవాళ్లకి వేరే పేరు కావాలని ఈ మాట తెచ్చారు. మాంసం, చేప, పాలు, గుడ్డు, తేనె ఏవీ వద్దని ఒక్క మాటలో తెలిసిపోతుంది. కాకపోతే ఇది తిండితో ఆగదు, తోలు, ఉన్ని కూడా వద్దంటుంది, ఒంటికి మంచిదని మాత్రమే పాలు మానేసినవాళ్లకి ఈ పేరు అంతగా కుదరదు. వాళ్లు ప్లాంట్ బేస్డ్ అంటున్నారు గానీ నాకది నచ్చదు, కొందరు పూర్తిగా మొక్కల తిండి అని, కొందరు ఎక్కువభాగం అని వాడతారు. అన్నట్టు, ఏ పేరు పెట్టుకున్నా జంతువుల నుంచి వచ్చేవి ఏవీ తినకపోతే విటమిన్ బి12 విడిగా తీసుకోవాల్సిందే, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

పెస్కటేరియన్ అంటే చేప తింటారు, మిగతా మాంసం తినరు, అంతే. ఈ పేరు తెలిసి కూడా చేప తింటూ వెజిటేరియన్ అని చెప్పుకుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే తర్వాత వచ్చే అసలు శాకాహారికి చేప వడ్డించేది ఆ మాట నమ్మినవాళ్లే.

ఎక్కువగా శాకాహారమే తింటూ అప్పుడప్పుడు మాంసం తినేవాళ్లు ఫ్లెక్సిటేరియన్లు. ఈ మాటని 2003లో ఇంగ్లిష్ మాటల వాడుకని గమనించే అమెరికన్ డయలెక్ట్ సొసైటీ అన్నిటికంటే ఉపయోగపడే కొత్త మాటగా ఎంచుకుంది. మాంసం తగ్గించుకునేవాళ్లకి మంచి పేరే, పూర్తిగా మానలేదన్న బాధ ఉండదు. వండేవాళ్లకి మాత్రం ఇవాళ పెట్టాలో వద్దో తెలీదు.

నన్నడిగితే వీగన్, పెస్కటేరియన్ ఉన్నదున్నట్టు చెప్పుకోవచ్చు, వెజిటేరియన్ అన్నప్పుడు గుడ్డు తింటారో లేదో కలిపి చెప్పాలి, ఫ్లెక్సిటేరియన్ మనకోసం మనం ఉంచుకుంటే చాలు. పాల ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ఏ పేరుతోనూ సరిపెట్టుకోవద్దు, వీగన్ అని రాసున్న ప్యాకెట్‌లో కూడా తయారీలో పాల ఆనవాళ్లు కలిసి ఉండొచ్చు, వాళ్లు ఎలర్జీ అనే మాటే వాడి గట్టిగా చెప్పాలి.