కారవాన్‌లో ఎయిర్ ఫ్రయర్ తీసుకెళ్లాలా వద్దా: బెంగళూరు నుంచి కొడగు దాకా మా అనుభవం

లోపలే పడుకుని, వండుకునే వీలున్న కారవాన్ బండి అద్దెకు తీసుకుని బెంగళూరు నుంచి మైసూరు మీదుగా కొడగు వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, పిల్లలిద్దరు, అత్తయ్య. బయల్దేరే ముందు వారం అంతా ఇంట్లో చర్చ ఎయిర్ ఫ్రయర్ మీదే, అంటే కొద్ది నూనెతో, వేడి గాలితో వేయించే ఆ యంత్రం మీదే నడిచింది. అత్తయ్యకు డాక్టరు నూనె బాగా తగ్గించమన్నారు. పక్కన వేపుడు లేకపోతే ఆవిడకు పప్పన్నం సహించదు. మారతహళ్లిలో మా వంటింట్లో ఆ సమస్యకు ఎయిర్ ఫ్రయర్ చక్కటి పరిష్కారం అయింది కాబట్టి, ప్రయాణంలోనూ అది ఉండాల్సిందేనని ఆవిడ పట్టు. టెక్సాస్‌లో ఉన్న ఆడపడుచు కూడా ఫోన్లో, "తీసుకెళ్లు వదినా, మేం ఆర్వీలో స్టవ్ వెలిగించడమే మానేశాం" అంది. ఆర్వీ అంటే అక్కడి కారవాన్.

ఆమె చెప్పింది నిజమే, కానీ అది అక్కడి నిజం. అమెరికాలో ఆర్వీ పార్కుకు వెళ్తే బండి ఆపే చోటే కరెంటు స్తంభం ఉంటుంది. 120 వోల్టుల మీద 30 ఆంప్స్ కనెక్షన్ అంటే 3600 వాట్లు. ఎయిర్ ఫ్రయర్ 1500 వాట్లు లాగినా ఇంకా సగానికి పైగా మిగులుతుంది. 50 ఆంప్స్ ఇచ్చే పార్కులైతే అసలు లెక్కే చూసుకోనక్కర్లేదు. మన దగ్గర కారవాన్‌లో వెళ్లేవాళ్లు రాత్రి ఆగేది ఎక్కువగా హోటల్ ఆవరణలో, హోమ్‌స్టే వాకిట్లో, లేదంటే హైవే పక్కన. అక్కడ దొరికే ప్లగ్గు ఎలాంటిదన్న దాన్ని బట్టే మీ ఎయిర్ ఫ్రయర్ పనికొస్తుందా, బరువవుతుందా అన్నది తేలుతుంది. ఏం వండాలన్నది ఆ తర్వాతి మాట.

బండితో వచ్చిన డ్రైవరు కోలారు వైపు అబ్బాయి, ఇంట్లో తెలుగే మాట్లాడతాడట. ఎయిర్ ఫ్రయర్ లోపలికి ఎక్కిస్తుంటే చూసి, "అక్కా, బ్యాటరీ మీద మాత్రం దీన్ని వేయొద్దు" అని ముందే చెప్పాడు. అతని మాట వెనక గట్టి లెక్క ఉంది. 1500 వాట్లు ఇంటి కరెంటు మీద ఆరున్నర ఆంప్సే. అదే 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ద్వారా లాగితే 125 ఆంప్స్ అవుతుంది, ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలిపితే 140 దాకా వెళ్తుంది. మామూలు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యపు కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీని అంత వేగంగా పిండితే దాని పూర్తి సామర్థ్యం చేతికి రాదు, సగానికి మించి వాడితే దాని ఆయుష్షూ తగ్గుతుంది. ఒక్క వాయి బంగాళాదుంప వేపుడు కోసం రాత్రంతా ఫ్యాన్లు, లైట్లు వదులుకోవడం అన్యాయం. పెద్ద లిథియం బ్యాటరీ, 2000 వాట్ల పైన ఇన్వర్టర్ ఉన్న బండి దొరికితే కథ వేరు. బుక్ చేసేటప్పుడే ఈ రెండూ అడగండి. మేం తీసుకున్న బండిలో చిన్న ఇన్వర్టరే ఉంది, ఫోన్ చార్జర్లకు, ఫ్యాన్లకు సరిపోయేది.

బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే గురించి ఒక్క మాట. రోడ్డు బాగుంది, కానీ అది బిడది, రామనగర, చన్నపట్నం, మద్దూరు అన్నిటినీ బైపాస్ చేసుకుంటూ పోతుంది. బిడది తట్టె ఇడ్లీ, మద్దూరు వడ తినాలంటే ముందే చూసుకుని పాత రోడ్డులోకి దిగాలి. మేం బిడదిలో దిగాం. పళ్లెమంత ఇడ్లీ, మీద వెన్న ముద్ద, పక్కన చట్నీ. అత్తయ్య వెన్న తీయించుకుని తిన్నారు, ఇడ్లీ ఎంత మెత్తగా ఉందో పదేపదే చెప్పారు. ఉదయం పూట ఈ దారిలో వంట ఆలోచనే అక్కర్లేదు.

మైసూరులో ఒక హోటల్ వెనక ఖాళీ స్థలంలో బండి పెట్టుకోనిచ్చారు, గది తీసుకోకుండానే. బాత్రూము వాడుకోవచ్చు, నీళ్లు పట్టుకోవచ్చు, గీజర్‌కు పెట్టే 16 ఆంప్స్ పవర్ ప్లగ్ నుంచి లైను ఇచ్చారు. కొంత రుసుము తీసుకున్నారు, ఇచ్చిన సదుపాయానికి అది న్యాయమే. కరెంటు విషయంలో ఈ ప్రయాణం మొత్తంలో ఉత్తమమైన మకాం ఇదే. కానీ మైసూరులో ఎయిర్ ఫ్రయర్ అవసరం పెద్దగా పడలేదు. ఆదివారం సాయంత్రం ప్యాలెస్ దీపాలు చూసి, దార్లోనే టిఫిన్ చేసి వచ్చేశాం. మంచి ప్లగ్గు ఉన్న ఊళ్లో మంచి హోటళ్లూ ఉంటాయి. ఇంట్లో మేం చేసిన చర్చలో ఎవరికీ తట్టని సంగతి ఇది.

అసలు అవసరం కొడగులో పడింది. మైసూరు నుంచి హుణసూరు, కుశాలనగరం మీదుగా మడికేరి వైపు వెళ్తుంటే చీకటి పడ్డాక తిండి దొరికే చోట్లు తగ్గిపోతాయి. మొదటి రాత్రి కాఫీ తోటలో ఉన్న హోమ్‌స్టే వాకిట్లో ఆగాం. చోటు అద్భుతం. సిల్వర్ ఓక్ చెట్ల మీదికి పాకిన మిరియాల తీగలు, తెల్లవారితే పొగమంచు. ఇంటావిడ అక్కి రొట్టె (బియ్యప్పిండి రొట్టె), గుమ్మడికాయ కూర పెట్టారు, అత్తయ్యకు నూనె లేకుండా ఇంకో రొట్టె విడిగా కాల్చిచ్చారు. ఆతిథ్యానికి వంక పెట్టలేం. కరెంటు మాత్రం వరండాలో ఉన్న 6 ఆంప్స్ ప్లగ్గు ఒక్కటే. ఆ ప్లగ్గు నుంచి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు బండి దాకా లాగి ఉంది.

ఆ వైరు మీద ఎయిర్ ఫ్రయర్ పెడితే ఏమవుతుందో అందరూ తెలుసుకోవాలి. కాసేపటికే ఎక్స్‌టెన్షన్ బాక్స్ దగ్గర చేయి పెడితే వేడి తగిలింది, ప్లాస్టిక్ కమిలిన వాసన మొదలైంది. డ్రైవరు పరుగున వచ్చి స్విచ్ కట్టేశాడు. 1400–1500 వాట్ల వస్తువు 6 ఆంప్స్ సాకెట్‌కు దాని హద్దు దాటిన బరువు, వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే మరీ ప్రమాదం. చుట్టగా చుట్టి ఉన్న వైరైతే వేడి బయటికి పోక ఇంకా త్వరగా కాలుతుంది. చెక్క ప్యానెళ్లు, పరుపులు, కర్టెన్లు ఉన్న ఇరుకు బండిలో పిల్లలతో పడుకుంటాం. ఇందులో సర్దుకుపోవడం అనే మాటే ఉండకూడదు.

రెండో మకాం ఊరికి దగ్గర్లో ఒక రిసార్టు. పవర్ ప్లగ్ ఉంది, మందపాటి వైరు వాళ్లే ఇచ్చారు. అయితే సాయంత్రం అందరూ గీజర్లు వేసే వేళకు వోల్టేజీ పడిపోయేది. వోల్టేజీ 230 నుంచి 180కి దిగితే హీటర్ ఇచ్చే వేడి కొంచెం కాదు, దాదాపు నలభై శాతం తగ్గుతుంది. ఇంట్లో పావుగంటలో అయ్యే బెండకాయ అక్కడ ఎంతసేపటికీ పచ్చిగానే ఉంది. మధ్యాహ్నం వేళ వోల్టేజీ బాగున్నప్పుడు చేస్తే మాత్రం ఇంట్లో లాగే కుదిరింది. ఏసీ, ఎయిర్ ఫ్రయర్ ఒకేసారి వేయకూడదని రిసార్టు ఎలక్ట్రీషియన్ కచ్చితంగా చెప్పాడు. రెండూ కలిస్తే 16 ఆంప్స్ లైనుకు దాదాపు అంచు. ఏసీ ఆపి వండితే బండి లోపల ఉక్క, కారం ఘాటుకు పిల్లల దగ్గు. అందుకని పందిరి కింద మడత బల్ల వేసి, వెనక వేడి గాలి పోయేంత ఖాళీ వదిలి, బయటే వండాం. వండుకోవడానికి అదే సరైన చోటు.

ఆ మధ్యాహ్నం అత్తయ్య బెండకాయలు తుడిచి, ఆరబెట్టి, చక్రాల్లా తరిగి, చెంచా నూనె, చిటికెడు పసుపు పట్టించారు. మధ్యలో రెండుసార్లు బుట్ట తీసి కుదిపారు. చివర్లో ఉప్పు, కారం, వేయించిన పల్లీలు కలిపారు. ముక్క విడివిడిగా, కరకరలాడుతూ వచ్చింది. ఆవిడ ఆ రోజు తృప్తిగా భోజనం చేశారు, ఆ తృప్తి కోసమే నేను ఈ వస్తువుకు కొన్ని మార్కులు వేస్తాను. కంద, బంగాళాదుంప, మిగిలిన పరోటాలు వేడి చేయడం, ఇవి కూడా బాగా కుదిరాయి. అప్పడం తేలిక కాబట్టి ఫ్యాన్ గాలికి లేచి పైనున్న కాయిల్‌కు తగలొచ్చు, మీద చిన్న స్టీలు స్టాండు పెట్టాలి. పునుగులు, బజ్జీల లాంటి జారు పిండి వంటలు ఇందులో కావు, పిండి జల్లెడలోంచి కిందికి కారిపోతుంది. అన్నం, పప్పు, దోసె కోసం ఎలాగూ స్టవ్ కావాల్సిందే. అంటే ఎయిర్ ఫ్రయర్ తెచ్చినంత మాత్రాన గ్యాస్ పొయ్యి ఇంట్లో వదిలేసి రాలేం. నాకు దీనిమీద ఉన్న పెద్ద అభ్యంతరం ఇదే.

ఇక నీళ్లు. జిడ్డు పట్టిన బుట్ట కడగాలంటే వేడి నీళ్లు, సబ్బు, ఆపైన రెండు మూడు చెంబులు కావాలి. బండి ట్యాంకు స్నానాలకే చాలీచాలకుండా ఉన్నప్పుడు ఇది బాధనిపిస్తుంది. పేపర్ లైనర్లు కొంత ఆదుకుంటాయి, కాకపోతే గాలి సరిగా తిరగక అడుగు మెత్తబడుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో బుట్ట దానంతటదే బయటికి జారుతుంది కాబట్టి టేపు వేసి, దుప్పటి చుట్టి, కింది అరలో పెట్టాలి. పై అరలో నాలుగైదు కిలోల బరువు ఎప్పుడూ పెట్టకండి.

నా తీర్పు మకాన్ని బట్టి ఉంటుంది. ఒకే చోట రెండు మూడు రాత్రులు ఆగుతూ, అక్కడ 16 ఆంప్స్ పవర్ ప్లగ్ ఉందని ముందే తేలితే, ఇంట్లో నూనె తగ్గించాల్సిన పెద్దవాళ్లు ఉంటే, తీసుకెళ్లండి. రోజుకో ఊరు మారే ప్రయాణమైతే వద్దు. ఒంటి బర్నర్ స్టవ్, ఇనప మూకుడు, చిన్న కుక్కర్ చాలు. మూత పెట్టి సన్నటి సెగ మీద మగ్గనిస్తే చెంచాన్నర నూనెతో వేపుడు అవుతుంది, కొంచెం ఓపిక కావాలంతే. హోమ్‌స్టే వాళ్లకు ఫోన్ చేసినప్పుడు "కరెంటు ఉందా" అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. "గీజర్ ప్లగ్ లాంటిది బండి ఆపే చోటికి ఎంత దూరం, ఆ ప్లగ్గు ఫొటో వాట్సాప్‌లో పంపగలరా" అని అడగండి.

వచ్చే సెలవుల్లో వయనాడు అనుకుంటున్నాం. కేరళ 2021లో కారవాన్ పర్యాటక పథకం మొదలుపెట్టింది, కారవాన్ పార్కుల్లో కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వడం అందులో భాగం. అలాంటి పార్కు దొరికి, ప్లగ్గు ఫొటో వస్తే ఎయిర్ ఫ్రయర్ బండెక్కుతుంది, అత్తయ్యకు ఆ మాట ఇచ్చాను. గుండ్లుపేట దాటాక బండీపుర అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి, బెంగళూరులో పొద్దున్నే బయల్దేరాలి.