150 మి.మీ., 3 మైక్రాన్ల సి18 కాలమ్: అనంతపురం ల్యాబులో ఒక సీజన్ వాడిన మీదట

వేరుశనగలో అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషాలు: బి1, బి2, జి1, జి2) పరీక్షలు చేసే మా అనంతపురం ల్యాబులో చాలా కాలం 250 మి.మీ. పొడవు, 5 మైక్రాన్ల రేణువులు ఉన్న సి18 కాలమ్‌నే వాడాము. నమూనాలోని పదార్థాలను ఒకదాని నుంచి ఒకటి విడదీసే, సన్నని రేణువులు కూరిన గొట్టమే ఈ కాలమ్. కోతల తరువాత నమూనాల సంచులు గుమ్మం దాకా పేరుకునే రోజుల్లో ఒక్కో ఇంజెక్షన్‌కు (నమూనాను ఒకసారి ఎక్కించి నడపడానికి) 15 నిమిషాలు పట్టడం భారమై, నిరుడు 150 మి.మీ., 3 మైక్రాన్ల కాలమ్ తెప్పించుకున్నాము. లోపలి వ్యాసం పాతదానిలాగే 4.6 మి.మీ., ప్రవాహం కూడా నిమిషానికి 1 మి.లీ.

దీనికి ముందు మేము చేసిన పొరపాటు చెప్పకపోతే ఈ కాలమ్ విలువ తెలియదు. మొదట 5 మైక్రాన్ల రేణువులతోనే 150 మి.మీ. కాలమ్ కొన్నాము. పొడవు తగ్గితే సమయం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. రిజల్యూషన్ (పదార్థాలు ఎంత విడివిడిగా వచ్చాయో చెప్పే కొలత) మాత్రం పొడవు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అంటే సమయం 40 శాతం ఆదా అయితే రిజల్యూషన్‌లో పోయేది సుమారు 23 శాతమే కనుక, కాగితం మీద అది లాభసాటి బేరంగానే కనిపించింది. మా క్రోమటోగ్రామ్‌లో (యంత్రం గీసే గ్రాఫులో) జి2, జి1 పీకుల (ఒక్కో పదార్థానికి లేచే శిఖరాల) మధ్య 1.9 ఉన్న రిజల్యూషన్ 1.5కు దిగింది. పోలిక కోసం వాడే శుద్ధమైన అఫ్లటాక్సిన్ స్టాండర్డ్‌కు అది సరిపోతుంది గానీ, గింజలోంచి వచ్చే ఇతర పదార్థాల మధ్య పీకు అడుగుభాగం ఎక్కడ మొదలైందో తేల్చుకోలేకపోయాము. నేరుగా తినడానికి ఐరోపాకు వెళ్లే వేరుశనగలో బి1కు కిలోకు 2 మైక్రోగ్రాములు, నాలుగింటికీ కలిపి 4 మైక్రోగ్రాములే పరిమితి. అంత చిన్న పీకుల దగ్గర అలాంటి సందేహానికి చోటుండకూడదు.

3 మైక్రాన్ల కాలమ్‌తో ఆ చిక్కు తీరింది. ప్లేట్ల సంఖ్యను (కాలమ్ విడదీసే శక్తికి కొలత) నిర్ణయించేది పొడవుకూ రేణువు పరిమాణానికీ ఉన్న నిష్పత్తి. 250ని 5తో భాగించినా, 150ని 3తో భాగించినా వచ్చేది 50 కనుక పాత రిజల్యూషన్ దాదాపు తిరిగి వచ్చింది. ఆఖరి పీకు బి1 వచ్చేసి రన్ 9 నిమిషాల్లో ముగుస్తోంది. ఇంజెక్షన్‌కు 6 మి.లీ. మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రావకం) మిగలడం నెలాఖరు బిల్లులో బాగానే తెలుస్తుంది.

అయితే ఈ వేగం ఉచితంగా రాలేదు. పీడనం రేణువు పరిమాణపు వర్గానికి విలోమంగా పెరుగుతుంది కాబట్టి, పొడవు తగ్గినప్పటికీ 150 బార్ ఉండే చోట ఇప్పుడు 250 బార్ ఉంటోంది. మా పంపు 400 బార్ వరకు తట్టుకుంటుంది. అయినా 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో సరిపెట్టిన తొలి వారాల్లో పీడనం మెల్లగా ఎక్కుతూ పోయింది, 0.2కు మారి, ముందుండి మురికిని ఆపే చిన్న గార్డ్ కాలమ్‌ను త్వరత్వరగా మార్చడం మొదలుపెట్టాకే నిలకడ వచ్చింది. పీకులు సన్నబడ్డాయి కనుక డిటెక్టర్ వైపు గొట్టాన్ని కురచ చేసి, ఇంజెక్షన్ పరిమాణాన్ని 20 నుంచి 12 మైక్రోలీటర్లకు తగ్గించాము. ఇవేవీ చేయకుండా కాలమ్ బాగాలేదనడం అన్యాయం. సరఫరాదారు మీద మాత్రం ఒక ఫిర్యాదు ఉంది: కాలమ్‌తోపాటు పెట్టెలో ఉండవలసిన పరీక్ష ధ్రువపత్రం రెండుసార్లు అడిగితే గానీ రాలేదు.

నాలుగైదు పీకులు, రన్ అంతటా పాళ్లు మారని మొబైల్ ఫేజ్ ఉన్న మా వంటి రోజువారీ పనికి దీన్ని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. పంపు పాతబడి పీడనానికి మొరాయించే చోట గానీ, పదుల కొద్దీ పురుగుమందుల అవశేషాలను ఒకే రన్‌లో విడదీయవలసిన చోట గానీ తొందరపడవద్దు. పాత 250 మి.మీ. కాలమ్‌ను మేమూ పారేయలేదు. మిథనాల్ నింపి, రెండు కొనలకూ బిరడాలు బిగించి సొరుగులో ఉంచాము. వ్యాపారి ఫలితాన్ని ఒప్పుకోని నమూనాను ఇప్పటికీ దాని మీద మరోసారి నడిపి చూస్తున్నాము.