క్రైమ్ సీన్ ఇంగ్లిష్ పదాల కార్డులు: వేలిముద్రల దగ్గర భేష్, గాయాల దగ్గర తడబాటు

నేరస్థలం గురించి ఇంగ్లిష్‌లో చదివి రాయాల్సిన క్రైమ్ రిపోర్టర్లకు, అనువాదకులకు, లా, ఫోరెన్సిక్ విద్యార్థులకు ఉద్దేశించిన కార్డుల సెట్ ఇది. ముందువైపు పదం, వెనకవైపు తెలుగు అర్థం, కింద ఒక వాక్యం. ఇలాంటి సెట్‌లో పదాల లెక్క మాకు ముఖ్యం కాదు. దగ్గరదగ్గరగా ఉండే రెండు పదాలను ఎంత నిక్కచ్చిగా విడదీసి చూపించిందన్నదే చూశాం.

వేలిముద్రల భాగం చాలా బాగుంది. మూడు రకాలనూ పక్కపక్కనే పెట్టారు. కంటికి సరిగా ఆనక, పౌడర్‌తోనో రసాయనంతోనో తేల్చాల్సివచ్చేది లేటెంట్. రక్తమో రంగో గ్రీజో అంటిన వేలు వదిలిన అచ్చు పేటెంట్. మైనం, సబ్బు, ఆరని పుట్టీ లాంటి మెత్తటి వాటిలో దిగబడింది ప్లాస్టిక్. ఈ మూడోదాన్ని ‘ప్లాస్టిక్ వస్తువు మీది ముద్ర’ అని రాసేసే ప్రమాదం ఉంది, కార్డు దాన్ని ముందే హెచ్చరించింది. క్రియల వరస కూడా సరైనదే: డస్ట్ చేయాలి, స్కేలు పెట్టి ఫొటో తీయాలి, ఆ తర్వాతే టేప్‌తో లిఫ్ట్ చేయాలి. ఇక్కడ డస్ట్ అంటే దుమ్ము దులపడం కాదు, పౌడర్ అద్దడం. మనిషి వేళ్ల నుంచి నేరుగా ముద్రలు తీసుకుంటే అది ‘టేక్’. తలుపు గొళ్లెం మీద నుంచి తీస్తే ‘లిఫ్ట్’.

రక్తపు మరకల కార్డుల్లో బొమ్మలే ప్రాణం. చుక్క ఎంత వాలుగా తాకితే మరక అంత పొడుగ్గా సాగుతుంది. వెడల్పును పొడవుతో భాగిస్తే తాకిన కోణానికి సైన్ విలువ వస్తుంది. వెడల్పు 5 మి.మీ., పొడవు 10 మి.మీ. ఉంటే కోణం 30 డిగ్రీలు. ‘యాంగిల్ ఆఫ్ ఇంపాక్ట్’ అన్న మాట ఈ ఒక్క లెక్కతో మనసులో నాటుకుంటుంది. రక్తపు జాడ తగిలితే చీకట్లో మెరిసే రసాయనం ల్యూమినాల్. దాని కార్డు మాత్రం తప్పు. వాక్యంలో రక్తమేనని ‘కన్‌ఫర్మ్‌డ్’ అని రాశారు. ల్యూమినాల్ బ్లీచ్‌కీ, రాగికీ కూడా మెరుస్తుంది కాబట్టి అది ప్రిజంప్టివ్ పరీక్ష, అంటే రక్తం కావచ్చని సూచించేది మాత్రమే. ‘ఇండికేటెడ్ పాసిబుల్ బ్లడ్’ అనాలి. రక్తమేనని తేల్చడానికి వేరే పరీక్ష కావాలి.

ప్యాకింగ్ పదాలు సగమే ఇచ్చారు. రక్తం అంటిన బట్టలను ఆరబెట్టి పేపర్ బ్యాగ్‌లో పెట్టాలని ఉంది, బాగుంది. ప్లాస్టిక్‌లో మూస్తే తేమ లోపలే నిలిచి, బూజూ బ్యాక్టీరియా పెరిగి, డీఎన్‌ఏ పాడవుతుంది. అయితే అగ్నిప్రమాద స్థలంలో ఏరిన శిథిలాలకు ఇది పూర్తిగా తిరగబడుతుంది. పెట్రోలు ఆవిరైపోకుండా గాలి చొరబడని లోహపు డబ్బా కావాలి. ‘ఎయిర్‌టైట్’ అన్న పదమే సెట్‌లో లేదు.

అసలు లోపం గాయాల దగ్గరుంది. ‘లాసరేషన్’ కార్డు వెనక ‘లోతైన కోత’ అని అచ్చేశారు. లాసరేషన్ కోత కాదు. కర్రో రాయో లాంటి మొద్దు వస్తువు దెబ్బకు చర్మం చిట్లడం. అంచులు చిందరవందరగా ఉంటాయి, గాయం లోపల తెగని కణజాలపు పోగులు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు కనిపిస్తాయి. పదునైన అంచు గీసుకుపోయి, లోతు కంటే పొడవు ఎక్కువుంటే ‘ఇన్‌సైజ్డ్ వూండ్’, మన గాటు. పొడవు కంటే లోతు ఎక్కువుంటే ‘స్టాబ్ వూండ్’, మన పోటు. తెలుగులో చిట్లడం, గాటు, పోటు అని ఇంత చక్కగా వేర్వేరు మాటలున్నా వాడుకోకపోవడం బాధాకరం. ఈ కార్డును నమ్మి అనువదిస్తే కర్ర దెబ్బ కాస్తా కత్తి దెబ్బ అవుతుంది, దర్యాప్తు వెతికే ఆయుధమే మారిపోతుంది.

‘ఎవిడెన్స్’ వాక్యంలోనూ పొరపాటుంది. ఆ పదానికి బహువచనం పెట్టారు. ఒక్కొక్కటిగా చెప్పాలంటే ‘పీస్ ఆఫ్ ఎవిడెన్స్’ అనాలి.

తుపాకీ పదాల్లో మూడింటికీ ‘తూటా’ అనే ఇచ్చారు. కొన్నవాళ్లు వాటి వెనక పెన్నుతో ఇలా దిద్దుకోవాలి: కార్ట్రిడ్జ్ అంటే పేలని పూర్తి తూటా, బులెట్ అంటే గొట్టంలోంచి దూసుకెళ్లే గుండు, కార్ట్రిడ్జ్ కేస్ అంటే పేలాక మిగిలే ఖాళీ తొడుగు.