మెకానికల్ వాచీ సర్వీస్: గడువుకా, ఆగినప్పుడా, కొలిచి చూశాకా?

రోలెక్స్, ఒమెగా లాంటి మెకానికల్ వాచీ, అంటే బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచేది, కొన్న ఐదారేళ్లకు దాదాపు ప్రతి ఒక్కరికీ ఈ సందేహం వస్తుంది. వాచీ బాగానే నడుస్తోంది, టైమ్ సరిగ్గానే చూపిస్తోంది. అయినా సర్వీస్‌కి ఇవ్వాలా? ఇస్తే పదుల వేలల్లో ఖర్చు, పైగా వారాల తరబడి వాచీ చేతికి ఉండదు. ఇవ్వకపోతే లోపల ఏదో అరిగిపోతోందేమోనని టెన్షన్. వాచీలు వాడేవాళ్లలో మూడు రకాల వాళ్లు కనిపిస్తారు. కంపెనీ చెప్పిన గడువుకి ఇచ్చేసేవాళ్లు, ఏదైనా తేడా వచ్చేదాకా ఆగేవాళ్లు, ఏటా కొలిపించి ఆ లెక్కను బట్టి నిర్ణయించేవాళ్లు. నేను మూడో రకం. మిగతా రెండు పద్ధతులకూ చోటుంది, కానీ అన్ని వాచీలకూ కాదు.

వాటి సంగతి చూసేముందు ఒకటి విడదీసుకోవాలి. నీళ్లు లోపలికి పోకుండా చూడటం వేరు, లోపలి మెషిన్‌ను విప్పి శుభ్రం చేయడం వేరు. వెనక మూత కింద, క్రౌన్ (పక్కన కీ ఇచ్చే గుండీ) దగ్గర, అద్దం చుట్టూ గ్యాస్కెట్లు, అంటే నీళ్లు చొరబడకుండా ఆపే రింగులు ఉంటాయి. చెమట, సబ్బు, వేడినీళ్లు, విశాఖ లాంటి చోట సముద్రపు ఉప్పుగాలి తగిలి అవి క్రమంగా గట్టిపడతాయి. అందుకే చాలా కంపెనీలు ఏడాదికోసారి ప్రెజర్ టెస్ట్ (నీళ్లు చొరబడతాయో లేదో చూసే పరీక్ష) చేయించమంటాయి. దీనికి ఖర్చు తక్కువ, చాలాసార్లు అదే రోజు చేతికిచ్చేస్తారు. నీళ్లలోకి దిగే వాచీ అయితే ఇందులో వాయిదాలు వద్దు. ఒక్కసారి తేమ లోపలికి వెళ్లిందంటే డయల్, ముళ్లు, స్ప్రింగులు అన్నీ పాడవుతాయి. ఇక కింద చెప్పేదంతా మెషిన్ సర్వీస్ గురించే.

గడువు ప్రకారం ఇవ్వడం అన్నిటికన్నా తేలికైన దారి. రోలెక్స్ సుమారు పదేళ్లకోసారి అంటుంది, మోడల్‌నీ వాడకాన్నీ బట్టి అని కూడా చేరుస్తుంది. ఒమెగా 5 నుంచి 8 ఏళ్లు అంటుంది. ఈ గడువులకు ఆధారం నూనె. ఇప్పటి వాచీలు చాలావరకు గంటకు 28,800 సార్లు కొట్టుకుంటాయి. రోజుకి 6,91,200. ఏడాదికి 25 కోట్లకు పైమాటే. పగలూ రాత్రీ ఇంతగా ఆడే భాగాల మధ్య ఉండేది చుక్క కూడా కాదు, చుక్కలో ఎన్నో వంతు నూనె. కాలం గడిచేకొద్దీ అది పక్కలకి పాకుతుంది, చిక్కబడుతుంది. అప్పుడు లోహం లోహాన్ని రాస్తుంది, సన్నటి పొడి రాలుతుంది, ఆ పొడి మిగిలిన నూనెలో కలుస్తుంది. బండి ఇరుసుకు పెట్టిన కందెనలో ఇసుక చేరితే ఆ కందెనే ఇరుసును తినేస్తుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది.

గడువులో లోపం ఏమిటంటే దానికి మీ వాచీ తెలియదు. రోజూ చేతికుండే సబ్‌మెరైనర్‌కీ (రోలెక్స్ డైవింగ్ వాచీ), పది వాచీల మధ్య నెలకోసారి బయటికొచ్చే సబ్‌మెరైనర్‌కీ ఒకే లెక్క చెబుతుంది. బాగున్న వాచీని విప్పించడంలోనూ కొంత ప్రమాదం లేకపోలేదు. మూత తీసిన ప్రతిసారీ స్క్రూ మీద గీత పడొచ్చు, దుమ్ము చేరొచ్చు, పాలిష్ పేరుతో కేస్ అంచులు కరగొచ్చు. ఆ పని చేసే మనిషి చెయ్యి ఎలాంటిదో మనకు తెలియదు.

ఇక ఆగేదాకా ఆగుదాం అనేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. కంపెనీ పూర్తి సర్వీస్‌లో అరిగిన మెషిన్ భాగాల మార్పిడి సాధారణంగా ఆ ధరలోనే కలిసి ఉంటుంది. ఒక చక్రం అరిగినా, మూడు అరిగినా కట్టేది అంతే అయితే తొందరెందుకు అంటారు. ఇప్పుడు తయారీలో ఉన్న, స్పేర్లు దొరికే మూడు ముళ్ల వాచీకి ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. ఉత్పత్తి ఆగిపోయిన పాత క్రోనోగ్రాఫ్‌కి, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీకి మాత్రం సరిపోదు. 1988కి ముందటి రోలెక్స్ డేటోనా క్రోనోగ్రాఫ్‌లలో వాల్జు 72 అనే బయటి కంపెనీ మెషిన్ ఆధారంగా చేసిన మెషిన్ ఉండేది. అలాంటివాటిలో ఒక భాగం అరిగితే అసలుది దొరకడమే కష్టం. దొరికినా వాచీ మునుపటిదిగా మిగలదు.

ఆగడంలో ఇంకో చిక్కుంది. జబ్బు బయటపడటానికి చాలా ముందే లోపల అరుగుదల మొదలవుతుంది. రోలెక్స్ 3135 మెషిన్ 1988లో వచ్చింది. తేదీ చూపే సబ్‌మెరైనర్‌లో 2020 దాకా కొనసాగింది. గట్టి మెషిన్ అని దానికి మంచి పేరు, ఆ పేరు న్యాయమైనదే. అయినా నూనె ఎండిపోయాక దాని రోటర్ (చెయ్యి కదిలినప్పుడు తిరిగి కీ ఇచ్చే బరువు) ఇరుసు అరిగి, రోటర్ ఒక పక్కకి ఒరిగి, లోపల గుండ్రటి గీతలు పడిన వాచీలు మెకానిక్‌ల దగ్గరికి వస్తూనే ఉంటాయి. విప్పేదాకా ఆ వాచీలు టైమ్ బాగానే చూపిస్తుంటాయి.

ఈ విషయంలోనే చాలామంది మోసపోతారు. టైమ్ సరిగ్గా ఉందంటే ఆరోగ్యం బాగుందని కాదు. కాస్క్ (టైమ్ కచ్చితత్వాన్ని పరీక్షించే స్విస్ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న వాచీకి కూడా రోజుకి సగటున 4 సెకన్లు వెనకా, 6 సెకన్లు ముందూ నడిచే వీలుంది. నూనె ఎండి బ్యాలెన్స్ వీల్ (ఇటూ అటూ ఊగుతూ టైమ్‌ను నడిపే చక్రం) నీరసంగా ఊగుతున్నా, వేర్వేరు భంగిమల్లో వచ్చే తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, రోజు చివరికి టైమ్ చక్కగా కనిపించవచ్చు. చూడాల్సింది ఆ ఊపును. దాన్నే ఆంప్లిట్యూడ్ అంటారు, డిగ్రీల్లో కొలుస్తారు. టైమ్‌గ్రాఫర్ అనే చిన్న యంత్రం మీద వాచీ పెడితే శబ్దాన్ని విని నిమిషాల్లో చెప్పేస్తుంది. మూత తీయక్కర్లేదు.

నిండా కీ ఇచ్చి, డయల్ పైకి ఉండేలా పెడితే చాలా వాచీల్లో ఆంప్లిట్యూడ్ 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటుంది. నిలబెట్టి చూస్తే కాస్త తగ్గడం మామూలే. అన్ని మెషిన్లకూ ఒకే అంకె చెల్లదు కాబట్టి, వాచీ కొత్తగా ఉన్నప్పుడో సర్వీస్ నుంచి వచ్చిన వెంటనేనో ఒకసారి కొలిపించి రాసిపెట్టుకోండి. ఆ తర్వాత ఏటా ప్రెజర్ టెస్ట్‌తో పాటు ఇదీ చూపించండి. 290 ఉన్నది నాలుగేళ్లలో 280 అయితే నిశ్చింతగా ఉండొచ్చు. 240కి జారితే, లేదా నిండా కీ ఇచ్చిన 24 గంటల తర్వాత 200 లోపుకి పడితే, గడువుకి ఇంకా మూడేళ్లున్నా సరే ఇచ్చేయండి. కొలిచే మనిషికి మీ వాచీలో ఏ మెషిన్ ఉందో చెప్పడం ముఖ్యం. యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ అనే, ఒక్కో మెషిన్‌కి ఒక్కోలా ఉండే అంకె పెట్టాలి. చాలా స్విస్ మెషిన్లకు అది 52 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఒమెగా కో-యాక్సియల్ రకం మెషిన్లకి 38. అది తప్పు పెడితే వచ్చే ఆంప్లిట్యూడ్ మొత్తం తప్పే. ఫోన్ యాప్‌లు రోజుకి ఎన్ని సెకన్ల తేడా అన్నది ఫర్వాలేదనిపించేలా చెబుతాయి. ఆంప్లిట్యూడ్ విషయంలో మాత్రం నేను వాటిని నమ్మను.

కొలిచే అలవాటుతో అనవసర సర్వీస్‌లు కూడా తప్పుతాయి. వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడుతోందంటే చాలాసార్లు కారణం అయస్కాంతం. స్పీకరో, ఫోన్ కవర్‌లోని మాగ్నెటో, బ్యాగ్ బటనో బ్యాలెన్స్ వీల్‌ను ఊపే హెయిర్ స్ప్రింగ్ చుట్లను ఒకదానికొకటి అంటిస్తుంది. డీమాగ్నెటైజ్ చేస్తే, అంటే ఆ అయస్కాంతత్వం తీసేస్తే క్షణాల్లో సరిపోతుంది. దీనికి మెషిన్ మొత్తం విప్పాలని ఎవరైనా అంటే ఇంకో షాపు చూసుకోండి.

కొలతలతో పనిలేకుండా వెంటనే ఇవ్వాల్సిన సందర్భాలూ ఉన్నాయి. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఆ రోజే తీసుకెళ్లండి. బియ్యంలో పెట్టడం, ఎండలో ఆరబెట్టడం వల్ల లోపలి తుప్పు ఆగదు. రాత్రి తీసిపెట్టిన వాచీ తెల్లారేసరికి ఆగిపోతున్నా, రోటర్ గరగరమంటున్నా, క్రౌన్ మర బిగుసుకోకపోయినా ఆలస్యం చేయవద్దు.

మన ఇళ్లలో తరచూ కనిపించేది పెళ్లి వాచీ. అల్లుడికి పెట్టిన ఖరీదైన వాచీ లాకర్‌లో ఉండి, ఫంక్షన్లకు మాత్రమే బయటికొస్తుంది. వాడలేదు కదా, కొత్తదే అనుకుంటారు. అరుగుదల లేని మాట నిజమే, కానీ నూనెకు, గ్యాస్కెట్లకు వయసు ఆగదు. ఇలాంటి వాచీకి పదేళ్లని గుడ్డిగా సర్వీస్ చేయించక్కర్లేదు. చాలా ఏళ్ల తర్వాత తీస్తున్నప్పుడు ముందు కొలిపించి, బాగుంటేనే రోజూ పెట్టుకోండి. దాన్ని వైండర్‌లో (వాచీని తిప్పుతూ కీ ఇచ్చే పెట్టె) తిప్పుతూ ఉంచడం నాకు నచ్చదు. వాడకుండానే అరుగుదల తెచ్చుకున్నట్టవుతుంది.

ఇచ్చేది ఎక్కడ అన్నదీ ఈ నిర్ణయంలో భాగమే. వారంటీలో ఉంటే కంపెనీకే ఇవ్వాలి. రోలెక్స్, ఒమెగా కొత్త వాచీలకు ఐదేళ్లు ఇస్తున్నాయి. బయట విప్పిస్తే అది పోతుంది. వారంటీ దాటాక మంచి స్వతంత్ర మెకానిక్ తక్కువకు చేస్తాడు, పాత వాచీల స్వభావం అతనికే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. కానీ చాలా బ్రాండ్లు స్పేర్లను బయటివాళ్లకు సులభంగా ఇవ్వవు. కాబట్టి ఏ భాగమైనా మార్చాల్సి వస్తే అసలుది తెప్పించగలడా అని ముందే అడగండి. మెషిన్ విప్పి కడగకుండా పైపైన నూనె చుక్కలు వేసి ఆయిలింగ్ అనేవాళ్ల దగ్గర మాత్రం ఎంత చౌకైనా వద్దు. పాత మురికి అలాగే ఉండి, కొత్త నూనె కూడా దానితో చేరుతుంది.

రోజూ పెట్టుకునే కొత్త తరం వాచీ అయితే ఏటా కొలిపిస్తూ, పదేళ్ల దాకా అంకెల్ని నమ్ముకోవచ్చు. నాన్నగారో మామగారో ఇచ్చిన పాతది అయితే అంకె కాస్త జారగానే ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు రసీదు మీద మూడు మాటలు రాయించుకోండి: పాలిష్ వద్దు, అడగకుండా డయల్, ముళ్లు మార్చవద్దు, తీసేసిన భాగాలు వెనక్కి ఇవ్వాలి. మూడోదానికి కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే ఏమేం మారుస్తారో వాచీ అక్కడ పెట్టకముందే కాగితం మీద తీసుకోండి.