లంకమలలో కలివికోడి కోసం: ఎక్కడ దిగాలి, ఎప్పుడు వినాలి

కడప జిల్లా లంకమల అభయారణ్యానికి వెళ్లాలంటే ముందు కడప అటవీశాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్ అనే అరుదైన పక్షి) తిరిగేది రాత్రిపూట. అదే అడవిలో ఎర్రచందనమూ ఉంది కాబట్టి చీకట్లో ఏ టార్చి వెలిగినా సిబ్బంది అనుమానిస్తారు. కాగితం చేతికొచ్చినా శాఖవాళ్లు వెంట లేకుండా పొదల్లోకి దిగొద్దు.

బసకు కడపే నయం: రైలు ఉంది, గదులకు కొదవ లేదు. రాత్రి తిరుగు ప్రయాణం మాత్రం భారమే. బద్వేలు లాడ్జీలు సాదాసీదా. సిద్ధవటంలో పెన్న ఒడ్డున కోట చూడదగ్గదే, రాత్రి మకాంకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. చీకటి పడ్డాక బస్సుల మీద ఆధారపడలేం. కారు మాట్లాడుకునేటప్పుడే ఇంజిను, లైట్లు ఆపి ఆగాలని డ్రైవరుకు చెప్పండి.

వేళే అసలు కీలకం. పొద్దుగూకిన ముప్పావుగంటకు కూత మొదలవుతుంది, కాసేపే ఉంటుంది. 'ట్విక్-టూ' అని రెండు ముక్కలుగా, సుమారు సెకనుకొకటి చొప్పున వినిపిస్తుంది. పొద్దుండగానే చేరి కదలకుండా కూర్చోవాలి. ఆలస్యమైతే ఆ రోజు పోయినట్టే. రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని పిలవడం మాత్రం వద్దేవద్దు. మిగిలిన కొద్ది పక్షులనూ అది కలవరపెడుతుంది.

పగటిపూట చోటును చదవండి. రేగు, కలివి, తుమ్మ పొదల మధ్య బోసి నేల కావాలి. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోటే ఈ పక్షి ఎక్కువగా కనబడిందని పరిశోధనలు చెప్పాయి. పొదలు కొట్టేస్తే దాక్కునే చోటు పోతుంది. మరీ గుబురెక్కితే చెదలు, చీమలు ఏరుకుంటూ పరుగెత్తే నేల పోతుంది. పరిమితంగా మేసే పశువులు ఆ ఖాళీలను నిలబెడతాయి. అందుకే మేతను పూర్తిగా మాన్పించడం మంచిదని గట్టిగా అనలేం.

1900 తర్వాత జాడలేని ఈ పక్షి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర దొరికింది. చీకట్లో దీపంతో పట్టుకున్నది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ ప్రాంతం ఎరిగినవాళ్ల మాటకు అంత విలువుంది. దారి చూపినవాళ్లకు కూలి పూర్తిగా ఇవ్వండి. అభయారణ్యం ఏర్పడ్డాక కూడా 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పొదలను దెబ్బతీశాయి, ఆ తర్వాత కాలువ దారి మార్చారు.

కూత వినబడితే ఫోన్లో రికార్డు చేసి, టైము, చోటు రాసి అటవీశాఖకే ఇవ్వండి. ఆ చోటు పేరు బయట ఎక్కడా పెట్టకండి.