రాగి ప్లేటింగ్ కడుగునీరు: సున్నమా, రెజినా?

ప్లేటింగ్ అయిన వస్తువుల్ని కడిగిన నీళ్లలోంచి రాగిని తీయాలంటే రెండు దారులు: సున్నం కలపడం, లేదా రెజిన్ (రాగిని పట్టుకునే గుళికలు) గుండా పంపడం. ముందు రాక్‌ని (వస్తువులు తగిలించిన చట్రాన్ని) ప్లేటింగ్ తొట్టి మీదే ఇంకో పది సెకన్లు ఆపండి. అక్కడ కారిన రాగి మీకే దక్కుతుంది, కాలవకి పోదు. ఆ తర్వాతే ఈ లెక్క.

ఖర్చు: సున్నం చవక. రెజిన్ కాలమ్‌కి (గుళికలు నింపిన గొట్టానికి) మొదట్లోనే జేబు ఖాళీ.

శ్రమ: సున్నమైతే పీహెచ్ 9 దగ్గర నిలపాలి. అడుగున నీలం మడ్డి దిగుతుంది. అది ప్రమాదకర వ్యర్థం. వడకట్టి, ఆరబెట్టి, హైదరాబాద్ దగ్గరి దుండిగల్ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఆ బిల్లు ముందుగా ఎవరూ లెక్కేయరు! రెజిన్‌ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడిగితే కాపర్ సల్ఫేట్ చేతికొస్తుంది.

రిస్క్: నీళ్లలో అమ్మోనియా, ఈడీటీఏ (లోహాన్ని గట్టిగా పట్టుకునే రసాయనం) ఉంటే రాగి సున్నానికి లొంగదు, బయటికి వదిలే నీళ్లకున్న లీటరుకు 3 మిల్లీగ్రాముల పరిమితి దాటేస్తుంది. రెజిన్‌కి నూనె, మడ్డి పడవు.

నాలుగు లోహాలు కలిసిన నీళ్లయితే సున్నమే నయం. ఒక్క యాసిడ్ కాపర్ (ఆమ్లం కలిసిన కాపర్ సల్ఫేట్ తొట్టి) లైనే ఉండి, నీళ్లకి కటకటై అవే మళ్లీ వాడుకోవాలంటే రెజిన్.