క్రియాటిన్ డబ్బా, క్రియాటినిన్ రిపోర్టు: రెండేళ్ల ఎనిమిది నెలల వాడకం తరువాత

వ్యాయామం చేసేవాళ్లు కండబలానికి తాగే క్రియాటిన్ మోనోహైడ్రేట్ పొడి మీద నాకున్న కోపమంతా డబ్బా మీద అచ్చువేయని ఒక్క వాక్యం గురించే. ‘ఇది వాడుతుండగా రక్తపరీక్ష చేయించుకుంటే క్రియాటినిన్ ఎక్కువగా కనిపించవచ్చు, వైద్యునికి ముందే చెప్పండి’ అన్న వాక్యం అది. క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే అంకె. చెంచా ఎంత, రుచి ఏది, ఎండ తగలని చోట ఎలా దాచాలి అన్నవన్నీ రాయడానికి చోటు దొరికింది గానీ దీనికి దొరకలేదు. అది ఉండి ఉంటే మా ఇంట్లో ఐదు వారాలు గడిచిన తీరు వేరుగా ఉండేది.

నేను బరంపురంలో ఉంటాను. వయసు 34, బరువు 70 కిలోలు, జూడోలో 73 కిలోల తరగతి. రాత్రి భోజనం తరువాత గోరువెచ్చని నీళ్లలో 5 గ్రాములు కలుపుకొని తాగేవాణ్ణి. చన్నీళ్లలో అది సరిగా కరగక గ్లాసు అడుగున సున్నంలా పేరుకుంటుంది. మొదటి వారం రోజుకు 20 గ్రాముల చొప్పున తాగాలన్న క్లబ్బు మిత్రుల సలహా నేను పాటించలేదు. చిన్న మోతాదుతోనైనా నాలుగు వారాలకు కండరాలు క్రియాటిన్‌తో దాదాపు అదే స్థాయికి నిండుతాయి, కడుపూ ఉబ్బరించదు. మొదటి నెలలో 1.3 కిలోల బరువు పెరిగింది. అందులో ఎక్కువ భాగం కండరం పట్టి ఉంచుకున్న నీరే. నా తరగతికి ఇంకా జాగా ఉంది కనుక నాకు ఇబ్బంది లేకపోయింది గానీ, సరిగ్గా 66 దగ్గర ఊగిసలాడేవారికి ఆ నీరే తూకం రోజున శత్రువవుతుంది.

మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. ఎదుటివాణ్ణి పడేయకుండా, విసురుకు ముందరి అడుగును మాత్రమే మళ్లీ మళ్లీ వేగంగా వేసే ఉచికోమి సాధనను మా క్లబ్బులో పది సెకన్లు చేసి ఇరవై సెకన్లు ఆగుతూ ఎనిమిది విడతలు చేయిస్తారు. ఇంతకుముందు ఐదో విడతకే నా నడుము కిందికి దిగడం మానేసేది, అడుగు పడేది గానీ ఎదుటివాడి బరువు కిందికి నేను చేరేవాణ్ణి కాను. పొడి మొదలుపెట్టిన రెండు నెలలకు ఎనిమిదో విడత కూడా మూడో విడతలాగే సాగడం మొదలైంది. ఆ కొద్ది సెకన్ల విసురుకు కండరం ప్రధానంగా వాడుకునేది తనలోని క్రియాటిన్ నుంచి తయారయ్యే ఫాస్ఫోక్రియాటిన్ నిల్వనే కనుక ఇందులో వింతేమీ లేదు. కిలో పచ్చి చేపలో ఉండే క్రియాటిన్ మూడు, నాలుగు గ్రాములు. ఆదివారం తప్ప చేప వండని మా ఇంట్లో ఆ లోటును పొడి తీర్చిందనుకుంటాను.

ఇక అసలు సంగతి. మా అమ్మ పుట్టిల్లు కవిటి మండలంలో, అంటే ఉద్దానంలో ఉంది. కొబ్బరి, జీడి, పనస తోటల ఆ పచ్చని నేలలో కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తిన్నదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. మా అమ్మమ్మ ఊళ్లో జబ్బు పేరు కన్నా పరీక్ష పేరే ఎక్కువగా వినిపిస్తుంది. అదీ పూర్తిగా కాదు, మధ్యలో ‘ని’ మింగేసి, ‘ఫలానావాడికి క్రియాటిన్ ఎంతొచ్చింది?’ అని పలకరించుకుంటారు. మా చిన్నమావయ్య వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తాడు. ఇవన్నీ ఎరిగినవాణ్ణి కనుకనే ఇంట్లో నేను ఈ డబ్బాను ‘ప్రోటీన్ పొడి’ అని చెప్పి ఊరుకున్నాను. అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు.

గత జూన్‌లో జీవిత బీమా కోసం రక్తపరీక్ష చేయించుకోవలసి వచ్చింది. ముందురోజు సాయంత్రం, ఆ ఉక్కలో, రెండు గంటల సాధన చేసి సరిగా నీళ్లు తాగకుండా పడుకుని, పొద్దున్నే పరగడుపున వెళ్లి రక్తమిచ్చాను. కాగితంలో ‘ఏవైనా మందులు వాడుతున్నారా?’ అన్న గడిలో ‘లేదు’ అని రాశాను. పొడిని నేను తిండి కింద లెక్కవేసుకున్నాను, మందని తోచలేదు. రిపోర్టు ఫోనుకు వచ్చినప్పుడు చెల్లి పైకి చదివింది: క్రియాటినిన్ 1.5, కిడ్నీల వడపోత అంచనా 62. కింద ఎవరో వైద్యుడు, నన్ను చూడకుండానే, ‘కిడ్నీ వ్యాధి అనుమానం’ అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు.

అమ్మ వంటగదిలోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, “మీ చిన్నమావయ్యకీ మొదట ఒకటిన్నరే వచ్చింది రా” అంది. అంతలో చెల్లి డబ్బా చేతిలోకి తీసుకుని దాని మీది పేరు చదివింది. అమ్మ మొహం నేను మరచిపోలేను. “ఊరంతా ఆ క్రియాటిన్ తగ్గాలని దేవుళ్లకు మొక్కుతుంటే, నువ్వు డబ్బులు పెట్టి కొనుక్కుని తాగుతున్నావా నాన్నా?” అని అడిగింది. రెండేళ్లు అబద్ధమాడినవాడి దగ్గర దానికి జవాబేముంటుంది?

రెండింటికీ ఒక్క అక్షరమే తేడా అయినా క్రియాటిన్ వేరు, క్రియాటినిన్ వేరు. కండరంలోని క్రియాటిన్‌లో రోజుకు రెండు శాతానికి కాస్త తక్కువగా దానంతటదే క్రియాటినిన్‌గా మారుతుంది, దాన్ని కిడ్నీలు మూత్రంలోకి తోసేస్తాయి. కిడ్నీలు మందగిస్తే ఆ అంకె పెరుగుతుంది. అయితే కిడ్నీలు నిక్షేపంగా ఉన్నా, పొడి తాగి నిల్వ పెంచుకున్నవారిలో, కండ ఎక్కువగా ఉన్నవారిలో, ముందురోజు ఒళ్లు హూనమయ్యేలా శ్రమించినవారిలో కూడా అది కొంత ఎక్కువగానే కనిపిస్తుంది. ఈ మాటలు నాకు చెప్పినది బరంపురంలోనే ఉన్న మరో వైద్యుడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “నిన్న ఏం చేశారు, ఏం తాగారు?” అన్నది. ఐదు వారాలు పొడి మానమన్నాడు, పరీక్షకు ముందు రెండు రోజులు సాధన వద్దన్నాడు. కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్ సి పరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పోతున్నదేమో చూసే పరీక్ష కూడా రాశాడు.

ఆ ఐదు వారాలూ అమ్మ ప్రతి ఉదయం నన్ను మంచం మీద కూర్చోబెట్టి, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి, నీరు పట్టి గుంట నిలిచి ఉంటుందేమోనని చూసేది. తన తమ్ముడి కాళ్లను చూసి నేర్చుకున్న పరీక్ష అది. చర్మం వెంటనే పైకి లేచినా, రెండో కాలు కూడా నొక్కితే గాని వదిలేది కాదు. చివరికి క్రియాటినిన్ 1.1 వచ్చింది, వడపోత అంచనా 90కి చేరింది, మిగతా రెండు పరీక్షలూ శుభ్రంగా ఉన్నాయి.

ఆ వారాల్లో గమనించిన మరో సంగతి కూడా చెప్పడం న్యాయం. పొడి లేకున్నా ఎనిమిదో విడత ఉచికోమి నేను భయపడినంతగా కుంగలేదు. నిల్వలు పాత స్థాయికి దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కనుక దాన్నిబట్టి పొడిని తీసిపారేయలేను. అయితే పొడి మొదలుపెట్టిన నెలల్లోనే నేను రాత్రి డ్యూటీలు మానుకుని వేళకు నిద్రపోవడం, తాడు ఎక్కడం కూడా మొదలుపెట్టాను. పైన పొగిడిన దానిలో ఎంత పొడిది, ఎంత నిద్రది అన్నది విడదీసి చెప్పడం నా వల్ల కాదు. నాలుగు నిమిషాల పోటీ సమంగా ముగిసి, గోల్డెన్ స్కోర్ అనే అదనపు సమయంలోకి సాగినప్పుడు మాత్రం పొడి నాకు ఏ సాయమూ చేసినట్టు తోచలేదు.

ఆరోగ్యవంతులకు మామూలు మోతాదులో ఇది కిడ్నీలను చెడగొడుతుందని పరిశోధనల్లో తేలలేదు. నిషిద్ధ ఉత్ప్రేరకాల జాబితాలోనూ ఇది లేదు. కాబట్టి ఇలాంటి జబ్బు లేని చోట పుట్టిన నాలాంటివాడికైతే నిస్సంకోచంగా వాడుకోమనేవాణ్ణి. మా అమ్మ వైపు రక్తమున్న నాకు మాత్రం వైద్యుడు మరో చిక్కు చూపించాడు: నిజంగా జబ్బు మొదలైతే దాన్ని పట్టిచ్చే అంకెల్లో క్రియాటినిన్ ఒకటి, ఆ అంకెనే ఈ పొడి మసకబారుస్తుంది. ఇప్పుడు పోటీలకు ముందు నాలుగు నెలలే, రోజుకు 3 గ్రాములే తీసుకుంటున్నాను. మొదలుపెట్టే ముందొకసారి, మానిన ఆరు వారాల తరువాత మరోసారి పరీక్ష చేయించుకుంటున్నాను. కవిటి, కంచిలి వైపు నుంచి మా క్లబ్బుకు వచ్చే కుర్రవాళ్లు అడిగితే, పొడి కొనేముందు పరీక్ష చేయించుకొమ్మనీ, అంకె ముందే ఎక్కువగా ఉంటే డబ్బా జోలికే పోవద్దనీ చెబుతున్నాను.

ఈ మధ్య పరీక్షకు వెళ్లినప్పుడు మందుల గడిలో ‘క్రియాటిన్, రోజుకు 3 గ్రాములు, ఆరు వారాలుగా మానివేశాను’ అని గుండ్రని అక్షరాలతో రాశాను. కౌంటరులోని అబ్బాయి అది చూసి, “ఆ పరీక్ష ప్యాకేజీలోనే ఉంది సార్, విడిగా రాయనక్కరలేదు” అని కలంతో కొట్టేశాడు. నేను దాని కిందే మళ్లీ రాశాను.